అసలుదా, రికార్డుదా

బాస్కెట్‌బాల్ అంటే నాకు ఆసక్తి లేదు. పొడుగాటి మనుషులు పదిమంది ఒక బుట్టలో బంతి వేస్తారు, ఆ బుట్టకి అడుగుండదు కాబట్టి బంతి మళ్ళీ కిందే పడుతుంది, మళ్ళీ వేస్తారు. ఇందులో ఏం సుఖముందో, ఆ ఆటే బతుకుగా ఉన్నవాడితో ఒకే ఇంట్లో ఏడాదిన్నర ఉండి కూడా నాకు బోధపడలేదు. అయినా అదిల్సన్ సంగతి నేనే చెప్పాలి. అతని ఆట ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది ఎలా ముగిసిందో మొదటి నుంచీ చూసినవాళ్ళం ముగ్గురమే.

ఇల్లు వాసుదేవరావుగారిది. కంగారూల దేశంలో, పారమట్టా స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరం. ఆయనది పెద్దాపురం పక్క ఊరు. రోడ్ల శాఖలో ఇంజనీరు. ఆయన భార్య చాముండేశ్వరిగారు. వాళ్ళ ముందుగదిలో నేను అద్దెకుండేవాణ్ణి. పెరట్లో కట్టిన చిన్న వాటాలో అదిల్సన్ ఉండేవాడు. ఆ వాటా గుమ్మం మామూలు మనుషుల కోసం పెట్టింది. మొదటి వారంలో అతని నుదురు రెండుసార్లు బొప్పి కట్టాక వాసుదేవరావుగారు గుమ్మం పైన స్పాంజి అతికించారు.

నాది వైటుకె ఉద్యోగం. ఒక బీమా కంపెనీ పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి, సంవత్సరానికి రెండంకెలున్న చోట నాలుగంకెలు పెట్టడం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు కాలాన్ని నూరేళ్ళు వెనక్కి తిప్పేసి పసిపిల్లలకి పింఛన్లు ఇస్తాయని లోకమంతా బెంగపడింది. ఆ బెంగ పుణ్యమా అని అమీర్‌పేటలో ఆ పాత ప్రోగ్రాముల భాష కోబాల్ నేర్చుకున్న మాబోటి వాళ్ళం విమానాలెక్కాం. నేను ప్రొద్దుటూరు నుంచి పారమట్టాకి వచ్చి పడ్డది అలాగే.

అదిల్సన్ మొరేరా వచ్చింది బ్రెజిల్ నుంచి. ఆ దేశపు ఈశాన్యంలో వానలు సరిగా పడని చోట ఒక పల్లె. పద్నాలుగేళ్ళకే జూనియర్ జట్టులో మెరిశాడట. ఆ తరవాత సావో పావ్లో చుట్టుపక్కల క్లబ్బులు, ఓ ఏడాది అర్జెంటీనా, ఓ ఏడాది పోర్చుగల్, మళ్ళీ బ్రెజిల్. ఏ ఊళ్ళోనూ రెండేళ్ళు నిలవలేదు. జాతీయ జట్టుకి ఒకసారి పిలిచి, ఆడించకుండానే పంపేశారు. గొప్ప ఆటగాడు కాదు, మంచి ఆటగాడు. మంచి ఆటగాళ్ళకి ఊళ్ళు ఎక్కువ తిరగాల్సి వస్తుంది.

తొంభై ఎనిమిదిలో పారమట్టా హెరన్స్ అనే జట్టు అతన్ని తెచ్చుకుంది, పేరు ఏడీ అని కుదించుకుంది. హెరన్స్ అంటే కొంగలు. ఓడిన రోజున వాసుదేవరావుగారు వాళ్ళని కొంగ జపం బ్యాచి అనేవారు, గెలిచిన రోజున మన కుర్రాళ్ళనేవారు. ఆ లీగులో జట్టుకి ఇద్దరు విదేశీయులకే చోటు. ఆ ఇద్దరిలో ఒకడు కాస్త కుంటితే చాలు, మూడోవాడు విమానం దిగేవాడు. అందుకే అదిల్సన్ సూట్‌కేసు ఎప్పుడూ మంచం కిందే, మూత తెరిచే ఉండేది.

మ్యాచ్‌ల దగ్గర క్లబ్బువాళ్ళు అమ్మే చిన్న పుస్తకంలో ఒక్కో ఆటగాడి గురించి నాలుగు ముక్కలుండేవి. అదిల్సన్ పేజీలో వయసు ముప్ఫై ఒకటి అని వేశారు. రెండేళ్ళప్పుడు తల్లి పోయిందని, ఆమె ముఖం గుర్తు లేదని, వేసిన ప్రతి బుట్టా ఆ ముఖానికే అంకితమని రాశారు. విలేఖరులకి ఆ ముక్క మహా ఇష్టం. ఎవరు మాట్లాడించడానికి వచ్చినా చివర్న అదే అడిగేవారు. అతనూ తల వంచుకుని "గుర్తు లేదు" అనేవాడు.

చాముండేశ్వరిగారికి అతను దగ్గరైంది కర్రపెండలం వల్ల. ఆవిడ వియత్నాం వాళ్ళ కొట్టు నుంచి దుంపలు తెచ్చి, ఉడకబెట్టి, ఆవాలూ ఎండుమిరపకాయలూ వేసి తాలింపు పెట్టింది. ఆ వాసనకి అదిల్సన్ పెరట్లోంచి నడుం వంచి వంటింట్లోకి వచ్చాడు. గిన్నె వంక చూసి "మాకషేరా" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో దాని పేరు అదట. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదు. ఆ రోజు నుంచి అతని తిండి మా వంటింట్లోనే. బొబ్బర్లు, బెండకాయ, అన్నం, అన్నీ వాళ్ళ ఊరి తిళ్ళేనట. ఆవిడకి ఇంగ్లీషు తక్కువ, అతనికీ తక్కువే. ఇద్దరికీ ఎక్కువ రాకపోవడం వల్లే కాబోలు, గంటలు గంటలు మాట్లాడుకునేవారు.

తొంభై తొమ్మిది నవంబరులో అతని మోకాలు వాచింది. డాక్టరు మూడు వారాలు ఆడొద్దన్నాడు. అదిల్సన్ పెరట్లో కుర్చీ వేసుకుని మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని కూర్చునేవాడు. ఐసు తీయగానే చాముండేశ్వరిగారు వెచ్చటి నువ్వుల నూనె గిన్నెతో తయారయ్యేది. ఇదంతా చాలదని హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడిలో అర్చన చేయిస్తానంది.

అర్చనకి గోత్రం, నక్షత్రం కావాలి. గోత్రం సంగతి ఆవిడే తేల్చేసింది. "మా గోత్రమే చెప్పేస్తానండి. మన తిండి తింటన్నాడు కదా, మనోడే," అంది. నక్షత్రం కోసం వాసుదేవరావుగారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. హైదరాబాదు నుంచి ఎవరో ఇచ్చిన జాతకాల ఫ్లాపీ ఒకటి ఆయన దగ్గరుండేది. పుట్టిన తేదీ, వేళ ఇస్తే నక్షత్రం చెబుతుంది.

"నువ్వు పుట్టిన తేదీ చెప్పు నాయనా," అంది ఆవిడ.

అదిల్సన్ చెప్పాడు. ఫిబ్రవరి, అరవై ఎనిమిది.

వాసుదేవరావుగారు కొట్టబోతుంటే ఆవిడ ఆపింది. "ఉండండి. ఇది రికార్డుదా బాబూ, అసలుదా?"

అదిల్సన్ చేతిలో టీ కప్పు సగంలో ఆగింది. అతను గుమ్మం వైపు చూశాడు. అతనికి అర్థం కాలేదనుకుని ఆవిడ విడమరిచింది.

"మా ఇంట్లో అందరికీ రెండేసి ఉంటాయి బాబూ. ఈయన్ని బళ్ళో వేసినప్పుడు హెడ్మాస్టరుగారు రెండేళ్ళు తగ్గించి జూలై ఒకటి అని రాసేసేరు. ఇదిగో ఈ బాలమురళికి జూన్ ఒకటి. మా అన్నదమ్ములు ముగ్గురూ జూన్ ఒకటే, ఒకే బడి కదా మరి. రికార్డుది ఎవడిక్కావాలి? స్వామికి తప్పు నక్షత్రం చెప్తే పుణ్యం ఇంకెవడికో పోద్ది."

బాలమురళి అంటే నేనే. అదిల్సన్ నా వంక చూశాడు. నేను తలూపాను. నేను పుట్టింది నిజానికి మార్చి నెల్లో.

"మీ అందరికీనా?"

"అందరికీ."

"గవర్నమెంటుకి తెలుసా?"

"గవర్నమెంటు దగ్గరున్నదే తప్పుదయ్యా," అన్నారు వాసుదేవరావుగారు. "ఇంకేం తెలుస్తుంది?"

అదిల్సన్ కప్పు కింద పెట్టాడు. "అరవై అయిదు," అన్నాడు.

"వేళ తెలుసునా?"

"తెల్లవారుఝామున. మేకలు అరవడం మొదలుపెట్టాక. అమ్మ చెప్పింది."

తేదీలు సరిచూడటం నా వృత్తి కాబట్టి లెక్క దానంతటదే కుదిరింది. మూడేళ్ళ తేడా. తల్లి పోయేనాటికి ఇతనికి రెండేళ్ళు కాదు, అయిదు.

మిగతాది అతనే చెప్పాడు. పదిహేడేళ్ళప్పుడు ఒక కోచ్ అతన్ని పల్లె నుంచి పట్నం తీసుకెళ్ళాడు. పదిహేడేళ్ళకి మొదలుపెట్టినవాణ్ణి ఎవరూ తీసుకోరు, పద్నాలుగైతే ఎగబడి తీసుకుంటారు. కోచ్ కొత్త కాగితం పుట్టించాడు. అంతవరకు బాగానే ఉంది. అయితే తల్లి పోయింది డెబ్బైలో, పెద్ద కరువు వచ్చిన ఏడాది. ఆ కరువు ఏడాది వాళ్ళ వైపు అందరికీ తెలుసు, దాన్ని జరపడానికి వీల్లేదు. కొత్త వయసు ప్రకారం లెక్కేస్తే అప్పటికి రెండేళ్ళవాడు. రెండేళ్ళవాడికి ఏం గుర్తుంటుంది? ఎవరడిగినా గుర్తు లేదని చెప్పమన్నాడు కోచ్. "అప్పట్నుంచి గుర్తు లేదు," అన్నాడు అదిల్సన్.

చాముండేశ్వరిగారు "అయ్యో" అంది. కానీ ఆ అయ్యో తల్లి గురించే. వయసు గురించి ఆవిడకి ఏమీ అనిపించలేదు. ఎవరికీ చెప్పొద్దని అతను మమ్మల్ని అడగలేదు. అడగనక్కర్లేని ఇంట్లో పడ్డాననుకున్నాడేమో. ఆ పూట అతను నవ్వినట్టు అంతకు ముందెప్పుడూ నవ్వగా నేను చూడలేదు. అందరూ ఎన్నేళ్ళని అడిగినవాళ్ళేగానీ, ఏది అసలుదని అడిగిన మనిషి ఈవిడేనట.

నక్షత్రం స్వాతి అని తేలింది. అర్చన జరిగింది. వాపు తగ్గింది. అది డాక్టరు వల్లో, నూనె వల్లో, స్వామి వల్లో అనే వాదన ఆ ఇంట్లో పండగ దాకా నడిచింది. డిసెంబరు ముప్ఫై ఒకటిన నేను ఆఫీసులో కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ఏమీ జరక్కుండా చూడటమే మా పని కాబట్టి మేం నెగ్గినట్టే, కానీ ఏమీ జరక్కపోతే మనిషిని ఉంచుకునేదెవరు? ఏప్రిల్ నుంచి రానక్కర్లేదని నాకు చెప్పేశారు.

అదిల్సన్ మాత్రం ఆ వేసవిలో, అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవే, ముందెప్పుడూ ఆడనట్టు ఆడాడు. ఎగరడం తగ్గింది, ఎక్కడ నిలబడాలో తెలియడం పెరిగింది, అని వాసుదేవరావుగారు వివరించారు. ఫిబ్రవరిలో అతని పుట్టినరోజుకి చాముండేశ్వరిగారు పరమాన్నం వండింది. "ముప్ఫై అయిదు నిండేయి నాయనా, నూరేళ్ళూ ఉండు," అని నెత్తిన అక్షింతలు వేసింది. అతను కూర్చుంటేగానీ ఆవిడ చెయ్యి అందలేదు. తన అసలు వయసు పైకి వినడం పద్దెనిమిదేళ్ళలో అదే మొదటిసారి అన్నాడు.

సీజను ముగింపుకి వచ్చేసరికి మూడేళ్ళ ఒప్పందం మాట మొదలైంది. కోచ్‌కి అదిల్సన్ కావాలి. సంతకం పెట్టాల్సింది క్లబ్బు మేనేజరు విట్లాక్. అదిల్సన్‌కి ఇక వేరే క్లబ్బు వెతుక్కునే ఓపిక లేదు. ఇది దొరికితే ఆట ఉన్నన్నాళ్ళూ ఒకే ఊళ్ళో ఉండొచ్చు, ఆ తరవాత ఇక్కడే పిల్లలకి ఆట నేర్పుకోవచ్చు. "సంతకమైన రోజున ఆ సూట్‌కేసు నీకిచ్చేస్తాను," అన్నాడు నాతో. నాకూ దాని అవసరం పడేలా ఉందని నేను చెప్పలేదు.

విట్లాక్ తేల్చకుండా నానుస్తున్నాడని విని చాముండేశ్వరిగారు రంగంలోకి దిగింది. పెళ్ళి సంబంధమైనా ఉద్యోగమైనా, మనిషికి అన్నం పెట్టి మాట్లాడితే సగం పని అయిపోతుందని ఆవిడ నమ్మకం. మార్చిలో ఒక ఆదివారం ఆర్వో బార్బీకి, అంటే మధ్యాహ్నం పెరట్లో మాంసం కాల్చుకుని తినే విందుకి, రమ్మని ఆయన్ని పిలిపించింది. ఆయన వచ్చాడు. మంచివాడే. చికెనుకి పట్టించిన మసాలా బాగుందని రెండుసార్లు అన్నాడు. వాసుదేవరావుగారు పొయ్యి దగ్గర, అదిల్సన్ ప్లేట్లు అందిస్తూ, నేను కుర్చీలో.

తింటూ తింటూ ఆయనే మాట ఎత్తాడు. అదిల్సన్ మీద తనకి చాలా గౌరవమన్నాడు. "కానీ ముప్ఫై రెండొచ్చాయి. ఆ మోకాలొకటి. మూడేళ్ళంటే ముప్ఫై అయిదు. ముప్ఫై అయిదేళ్ళవాడు ఈ లీగులో పరిగెత్తగలడంటే నేను నమ్మలేను."

చాముండేశ్వరిగారు ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. ఆ ఇంగ్లీషు నాకు తెలుగులోనే గుర్తుంది.

"అంతేనాండీ మీ భయం? దానికే ఇంత ఆలోచిస్తన్నారా? వీడికిప్పుడు ముప్ఫై అయిదే! మీరు చెప్పేది రికార్డు వయసండి. అసలుది మొన్న ఫిబ్రవరిలో నిండింది, పరమాన్నం కూడా వండేను. ముప్ఫై అయిదేళ్ళోడు ఎలా పరిగెడతాడో మీరు రోజూ చూస్తానే ఉన్నారు కదా!"

విట్లాక్ "సారీ?" అన్నాడు. అర్థం కాలేదేమోనని ఆవిడ ఇంకాస్త గట్టిగా మళ్ళీ చెప్పింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. కేసు గెలిచిన ప్లీడరుకి కూడా అంత ధీమా ఉండదు. నిజానికి ఆవిడ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పొయ్యి మీద కొవ్వు చిటపటలాడుతోంది. వాసుదేవరావుగారు వెనక్కి తిరక్కుండా, ఇందాకే తిప్పిన ముక్కని మళ్ళీ తిప్పారు. విట్లాక్ అదిల్సన్ వైపు చూశాడు.

"ఆంటీ జోకు వేస్తున్నారా, ఏడీ?"

అవునంటే అయిపోయేది. విట్లాక్‌కి కూడా అవుననే వినాలని ఉన్నట్టు అతని ముఖం చెబుతోంది. అదిల్సన్ చాముండేశ్వరిగారి వంక చూశాడు. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది, ఊఁ చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"ఆంటీ అబద్ధం ఆడదు," అన్నాడు.

విట్లాక్ ప్లేటులో ఉన్నది పూర్తి చేశాడు. చెయ్యి తుడుచుకుని, భోజనం చాలా బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. కారు చప్పుడు దూరమయ్యాక అదిల్సన్ ప్లేట్లన్నీ ఎత్తి లోపల పెట్టి తన వాటాకి వెళ్ళాడు.

"ఏవైందండీ? నేనేవన్నానిప్పుడు?" అంది ఆవిడ.

"కాలు జారితే తీసుకోవచ్చు చాముండీ," అన్నారు వాసుదేవరావుగారు. మిగతా సగం చెప్పలేదు. అప్పుడు మాత్రం ఆవిడకి అర్థమైంది. కుర్చీలో కూలబడి, తన నోరు పడిపోనూ అని తిట్టుకుంది. ఆ తిట్లన్నీ అయ్యాక మా మీద పడింది. "ఇక్కడ అదంత పెద్ద తప్పని మీరిద్దరూ ఒక్కమాట చెప్పేరా నాకు? మనూళ్ళో తాసీల్దారుకి కూడా రెండున్నాయే!" మా ఊరి తాసీల్దారుకి కూడా రెండున్నాయి.

రెండు రోజుల తరవాత విట్లాక్ అతన్ని పిలిపించాడు. అరవలేదట. ఒప్పందం లేదు. కానీ మోకాలి సాకు చెప్పి మర్యాదగా పంపిస్తామన్నాడు. తను ఏమీ వినలేదు, ఎవరికీ చెప్పడు. ముప్ఫై రెండేళ్ళవాడిగా ఇంకో దేశంలో ఇంకో క్లబ్బు చూసుకోవచ్చు. పోర్చుగల్‌లో తెలిసినవాళ్ళున్నారని కూడా అన్నాడట. ఇంతకంటే మంచి మాట ఇంకెవరూ అనరని అదిల్సనే మాతో చెప్పాడు.

చాముండేశ్వరిగారు ఆ వారం అతనికి ఎదురుపడలేదు. అన్నం వండి, మూత పెట్టి, పక్కగదిలోకి వెళ్ళిపోయేది. మూడో రోజున అతను ఆ గది గుమ్మంలో వంగి నిలబడ్డాడు.

"ఆంటీ, శనివారం మ్యాచ్‌కి రావాలి."

"నా మొహం ఎలా చూపించను బాబూ? నీ నోటికాడ కూడు తీసేసేను."

"మీరు రాకపోతే నేను ఆడను," అన్నాడు. పోర్చుగల్ వెళ్తున్నావా అని నేనడిగాను. తెలీదన్నాడు.

ఆవిడ అంతకు ముందు ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. శనివారం పట్టుచీర కట్టుకుని మా ఇద్దరి మధ్య కూర్చుంది. అదిల్సన్‌కి బంతి అందినప్పుడల్లా కళ్ళు మూసుకునేది, అందువల్ల అతను వేసిన బుట్టల్లో ఒక్కటీ చూడలేదు. హెరన్స్ నెగ్గారు. ఆట అయ్యాక దీపాలు తగ్గించి అదిల్సన్‌ని కోర్టు నడుమకి పిలిచారు. మోకాలి గాయం వల్ల మన ఏడీ సెలవు తీసుకుంటున్నాడని ప్రకటించారు. ఒక పూలగుత్తి ఇచ్చారు. మైకు పట్టుకున్న కుర్రాడు అలవాటైన ప్రశ్నలన్నీ అడిగి, అలవాటు ప్రకారం చివర్న తల్లి దగ్గరికి వచ్చాడు. ముఖం కూడా గుర్తులేని ఆ తల్లి ఇవాళ ఇక్కడుంటే ఏమనేది, అని.

విట్లాక్ మొదటి వరసలో ఉన్నాడు. అదిల్సన్ ఆయన వైపు చూసి, క్షమించమన్నట్టు తల కాస్త వంచాడు. తరవాత మైకు తన చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు ముప్ఫై రెండు కాదు, ముప్ఫై అయిదు," అన్నాడు. "మా అమ్మ పోయేనాటికి నాకు అయిదేళ్ళు. ఆమె నాకు గుర్తుంది. సన్నగా ఉండేది. ముందు పళ్ళ మధ్య సందుండేది. మాకషేరా ఒలిచేటప్పుడు కత్తి తనవైపు లాక్కునేది, నన్ను దూరంగా కూర్చోమనేది. నేను మేకలు లేచాక పుట్టానని చెప్పేది. అన్నీ గుర్తున్నాయి. గుర్తు లేదని ఇన్నేళ్ళూ చెప్పినందుకు ఆమెకి క్షమాపణ చెప్పుకుంటున్నాను."

జనం చప్పట్లు కొట్టారు. వయసు మాట సగంమందికి పట్టలేదు, పట్టినవాళ్ళు సోమవారం పేపర్లలో చదువుకున్నారు. విట్లాక్ లేచి బయటికి నడిచాడు. పోర్చుగల్ అక్కడితో అయిపోయింది, ఇంకే దేశమైనా అంతే. నాకు ఆ ఆట అంటే ఇప్పటికీ ఆసక్తి లేదు గానీ, ఆ నిమిషంలో నేనూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ మాట దాచడం అనవసరం.

చాముండేశ్వరిగారు నా మోచెయ్యి పట్టుకుని లాగింది. స్పీకర్ల మోతలో ఆవిడకి ఒక్క ముక్కా అందలేదు.

"ఏవంటన్నాడు? నన్నేవన్నా అన్నాడా?"

"లేదాంటీ. వాళ్ళమ్మ గుర్తుందంటున్నాడు."

ఆవిడ కోర్టు నడుమ పూలగుత్తితో నిలబడ్డ ఆ పొడుగాటి మనిషిని చూస్తూ, చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గుర్తుండదా మరి," అంది. "అయిదేళ్ళోడు కదా."